పన్నెండు రోజుల డెబ్బై రెండు

పాలకుర్తి,
ఆగస్టు 4

ప్రియమైన తమ్ముడు అజయ్‌కు,

మాట్లాడితే నీకు దగ్గు తెరలు వస్తున్నాయని మరదలు తనూజ చెప్పింది. అందుకే ఫోన్ మానేసి రాస్తున్నాను. నా కిడ్నీ నీకు పెట్టి ఏడాదిన్నర. మానుకోటలో మీ అత్తగారింట తడిసిన గడ్డివాము విప్పి ఆ బూజు పీల్చావు, ఊపిరితిత్తులకు ఫంగస్ పట్టింది. అయిందేదో అయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చావు, అది చాలు.

మందు ఇంకా మూడు నెలలు. గుండె మీద కూడా కన్నేసి ఉంచాలన్నాడు డాక్టరు. నోటుబుక్కులో గళ్లు గీసి పంపుతున్నాను. జ్వరమెంత, నాడి ఎంత, రోజూ పొద్దున రాయి. పన్నెండు రోజులవగానే కాగితం చించి పంపు.

నా బీపీ 120/80. నా గురించి దిగులు పడకు.

నీ అక్క,
సులోచన

భూపాలపల్లి,
ఆగస్టు 20

ప్రియమైన అక్కకు,

కాగితం పెట్టిన, చూడు. జ్వరం లేదు, నాడి 72. మాస్కు లేకుంట తనూజ నన్ను వాకిట్లకు గూడ పోనిస్తలేదు. "గడ్డి కనబడితే బర్రెకంటె ముందు ఉరుకుతడు ఈయన" అని వచ్చినోళ్లందరికి చెప్తున్నది. మెట్లెక్కుడు బంద్ చేసి కింది గదిల పంటున్న, చల్లగుంటది. పరేషాన్ గాకు.

నీ తమ్ముడు,
అజయ్

బస్సులో,
ఆగస్టు 24

ప్రియమైన అజయ్‌కు,

పన్నెండు రోజులు, పన్నెండు సార్లు 72. ఇరవై ఆరేళ్లుగా మా ఇంట్లో పాల లెక్క నేనే రాస్తున్నాను. ఏ బర్రె కూడా వరుసగా మూడు రోజులు ఒకే కొలత ఇవ్వలేదు. పైగా మెట్లు ఎక్కడం మానేశావు. చల్లదనం కోసమట, ఈ వానల్లో!

ఈ ఉత్తరం పోస్టులో వేయను, నీ చేతికే ఇస్తాను. చదివాక ఆ చెయ్యి అలాగే చాపి ఉంచు. నాడి నేను చూస్తాను.

నా బీపీ 120/80.

అక్క

భూపాలపల్లి,
సెప్టెంబరు 9

ప్రియమైన అక్కకు,

దవాఖాన నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులాయె. నా చెయ్యి పట్టుకొని "ఏందిరా, నడుమ నడుమ ఆగుతున్నది!" అన్నప్పటి నీ మొహం ఇంకా యాదికొస్తున్నది. ఫంగస్ మందు, కిడ్నీ మందు రెండు కలిసి గుండె లయ తప్పించినయట. ఇంకో రెండు రోజులాగితే ప్రాణం మీదికి వచ్చేదన్నడు డాక్టరు. మందు మార్చిన్రు. ఇప్పుడు మంచిగున్న. నాలుగు రోజుల నాడి రాసి పెట్టిన, కింద తనూజ సంతకం గూడ ఉన్నది.

గుండె తప్పుతున్నదని నాకు ముందే తెలుసక్కా. నువ్వు తిడ్తవని గాదు దాచింది. నువ్విచ్చినదాన్ని పాడు చేసుకున్నా నువ్వు తిట్టవు. గదే నా భయం.

ఇంకొక్క మాట. నీ ఉత్తరాలు రెండు పక్కపక్కన పెట్టి చూసిన. ఇంట్ల 120/80, బస్సుల గూడ 120/80. బస్సుల నీకు బీపీ ఎవరు చూసిన్రు, కండక్టరా?

రేపే పోయి చూపించుకో. చీటి పంపు.

నీ తమ్ముడు,
అజయ్

పాలకుర్తి,
సెప్టెంబరు 18

ప్రియమైన అజయ్‌కు,

నీ ఉత్తరం మీ బావ చేతిలో పడింది. నవ్వుతారనుకున్నాను. చెప్పులు వేసుకుని "నడువ్, దవాఖానకు" అన్నారు. ఏడు నెలలుగా చూపించుకోలేదని దారిలో ఒప్పుకున్నాను. 150/94 వచ్చింది. మిగిలిన కిడ్నీకి ఏమీ కాలేదు. ఉప్పు తగ్గించమన్నారు, ఒక గోలీ రాశారు. చీటి ఇందులోనే పెట్టాను, నా మాట నువ్వు నమ్మవు కదా.

నీ నాడి 84, 79, 88, 81. నా పై బీపీ 146, 138, 141, 134. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకున్నాను. ఏ అంకె ఇంకో అంకెతో కలవడం లేదు. చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

నీ అక్క,
సులోచన