చింతపండుతో తోమిన ఇంజన్

మెహమూద్ అన్నకు నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పలేక, ఈ ఉత్తరం రాసి మీ అమ్మాయి షగుఫ్తా చేతికిస్తున్నాను.

మీరిద్దరూ నడిపిన డీజిల్ రైలింజన్‌కు మీ దోస్తు, మా ఆయన, నాలుగేళ్లుగా చేస్తున్న మూడడుగుల నమూనా మీరు చూసిందే. కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లింది కూడా ఆ పని పూర్తి చేయాలనే. ఆయన లేనప్పుడు ఆయుధపూజ వచ్చింది. ఇంజన్‌ను కూడా దేవుడి ముందు పెడదామనుకున్నాను. దాని ఇత్తడి కమ్మీలు నల్లబడి కనిపిస్తే, పూజసామాన్లతో పాటు వాటినీ చింతపండుతో తోమాను. పక్కన రంగుతో రాసిన నంబరు మీద వార్నిష్ ఇంకా వేయలేదని నాకు తెలియదు. అంకెలన్నీ నా చేతికి అంటుకుని వచ్చేశాయి.

అప్పటి నుండి నాకు కుదురు లేదు. గుడ్డ కప్పుతాను, మళ్లీ తీసి చూస్తాను. దీపం ముందు కూర్చుంటే స్తోత్రం సగంలో మరిచిపోతున్నాను.

నిన్న ఆయన ఫోన్ చేశారు.

"నా ఇంజన్ మంచిగున్నదా? దానికి గూడ బొట్టు పెట్టినవా ఏంది?"

"మంచిగనే ఉన్నది" అన్నాను.

"శుక్రవారం పట్టీ ఇప్పి పంపుతరట. ఇంటికొచ్చి ముందుగాల గదే చూస్త. నీ మొఖం తర్వాత" అని నవ్వారు.

ఆలోగా మీరొచ్చి నంబరు వేయాలని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ భూతద్దం పెట్టుకుని ఒక్కో అంకె రాసిన మనిషి వేరే చేతిని గుర్తుపట్టరా? ఇంకో అబద్ధం నా వల్ల కాదన్నా. రంగులు తేకండి. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆయన పక్కన కూర్చోండి, చాలు. జరిగింది నేనే చెప్తాను.

మీ చెల్లెలు