అమ్మకి ఇక్కడిదాకే

యాప్రాల్, సికింద్రాబాద్

అన్నయ్యా,
నేను కులాసా. మాగాయ అందింది. అమ్మకి ఇక్కడిదాకే చదివి వినిపించు. నీ ఫోనెత్తేది ఆవిడే గనక కార్డు రాస్తున్నాను.

మొన్న మా ల్యాబులో హిమోగ్లోబిన్ మిషను సరిచూడ్డానికి బాగున్నవాళ్ళ రక్తం కావాలంటే ధీమాగా నాదే ఇచ్చాను. రిపోర్టు చూసి నాతో పనిచేసే ఆఫ్షీన్, "ఏందీ, నీ దాంట్ల సుత సికిల్ సెల్ వస్తున్నది! జెర మల్ల పెట్టు" అంది. మళ్ళీ పెట్టినా అదే, వంశంలో దిగే రక్తదోషం. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే, అంటే సగమే వచ్చింది కాబట్టి నాకు జబ్బు రాదు. కానీ నీకూ ఉండొచ్చు. వదిన మన మావయ్య కూతురే కదా! ఇద్దరికీ ఉంటే వదిన కడుపులో బిడ్డకి పూర్తి జబ్బుగా రావచ్చు. కార్డు అందిన రోజే ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. నాకు కాలు నిలవడం లేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వదినని ఎండలో తిప్పకు. పుట్టే బిడ్డకి ఈ మేనత్త చప్పిడి ముక్కు వచ్చినా పర్లేదు, ఈ రక్తం మాత్రం వద్దు.

నీ చెల్లెలు,
పూజిత