పిన్నీ, నేనూ, పెట్టెల మేస్త్రీ

మార్చి 4, మంగళవారం

కొత్త నవల మొదలుపెట్టాం. పుస్తకం ఒకటే, చదివేవాళ్లం ఇద్దరం. పగలు నేను డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేస్తుంటే పిన్ని చదువుతుంది. సాయంత్రం పిన్ని లెక్కల ట్యూషన్ చెబుతుంటే నేను చదువుతాను. నేనెప్పుడూ వెనకే.

ఈసారి కథానాయిక ఒక పాస్టరు గారి కూతురు. తండ్రి పోయాక, సముద్రపు కొండ అంచున ఉన్న బంగళాలో పుస్తకాలు సర్దే పనికి గుర్రబ్బండిలో వచ్చింది. యజమానికి భార్య లేదు, నవ్వు లేదు. పడమటి గదికి తాళం. వాన పడితే లోపలి నుంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడు. నాకు ఇంతకన్నా ఏం కావాలి? కొవ్వొత్తి, నేలమీద జీరాడే గౌను, బైబిలు, కిర్రుమనే తలుపు, చివర్లో పెళ్లి. ముద్దు ఒకే ఒక్కటి. అదీ ఆఖరి పేజీలో. అదీ నుదుటి మీద.

ఈ అమ్మాయి ప్రతి తలుపూ తీసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. పిన్నీ నేనూ అయితే ముందు తలుపు తీసి, కెవ్వుమని అరిచి, ఆ తర్వాత చేస్తాం.

మార్చి 5

పొద్దున టీ ఇస్తూ పిన్ని నా మొహంలోకి చూసి, పాపం, అంది. అంతే. రాత్రి నేను ఆపింది బండివాడు వానలో కొండ దారి ఎక్కే చోట. వాడు చచ్చిపోతాడని నాకు తెలిసిపోయింది. ఈవిడతో కలిసి నవల చదవడం కంటే నరకం లేదు.

మార్చి 9, ఆదివారం

బండివాడు కొండ మీంచి పడిపోయాడు, పడమటి గది తలుపు సగం తెరుచుకుంది, మొదటి భాగం అయిపోయింది. ఆరాధన ముగియగానే చర్చి లైబ్రరీ అల్మారా దగ్గరికి పరుగెత్తాం. రెండో భాగం లేదు. ఎవరో తీసుకెళ్లారట. ఎవరని అడిగితే లైబ్రరీ ఆంటీ చెప్పదు. డాక్టరు ఒక రోగి సంగతి ఇంకో రోగికి చెబుతాడా అని నన్నే ఎదురడిగింది.

బయటికొస్తుంటే పెట్టెల మేస్త్రీ ఎదురయ్యాడు. శవపేటికలు చేసేది ఊరంతటికీ ఆయనొక్కడే. తాటిచెట్టంత మనిషి, ఎండాకాలంలోనూ నల్ల కోటు, నోట్లోంచి మాట రాదు. చివరి బెంచీలో కూర్చుని అందరికన్నా ముందే వెళ్లిపోతాడు. ఆయన మనవైపు చూస్తే పొడవూ వెడల్పూ కొలుస్తున్నట్టే ఉంటుంది. భార్య పోయి చాలా ఏళ్లయింది. మన నవలకి విలన్ దొరికాడు పిన్నీ అన్నాను. పెద్దవాళ్లని పట్టుకుని ఏమిటా మాటలు అని నా జబ్బ గిల్లింది. అంటూనే వెనక్కి తిరిగి చూసింది కూడా.

మార్చి 18, సాయంత్రం

ల్యాబ్ నుంచి చర్చి సందులోంచి వస్తున్నాను. వెలుతురు తగ్గుతోంది, సందులో ఎవరూ లేరు. లోపల ఆర్గన్ మోగింది!

ఆ ఆర్గన్ చచ్చిపోయి ఎన్నేళ్లో అయింది. పైన గ్యాలరీలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఒకప్పుడు దాన్ని వాయించింది మా పిన్నే. లోపల గాలి ఊదే తోలు తిత్తి చిరిగిపోయాక కమిటీవాళ్లు కీబోర్డు కొన్నారు. దానికి ఊపిరి లేదు, నేను వాయించను అని పిన్ని మెట్లు దిగి వచ్చేసింది. ఆ తర్వాత దేన్నీ ముట్టుకోలేదు.

అలాంటిది ఇవాళ ఒక్క స్వరం, సాగదీసి, ఎవరో మూలిగినట్టు. తర్వాత దగ్గు లాంటి చప్పుడు. పై కిటికీలో మినుకుమినుకుమంటూ దీపం. చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా పరుగు.

మార్చి 19

పిల్లి అయ్యుంటుంది అంది పిన్ని. పిల్లి దీపం పెట్టుకుంటుందా అన్నాను. నవల్లో ఉన్నదంతా నెత్తికెక్కించుకున్నావు అంది. మళ్లీ తనే, సరే, ఏ స్వరమో ఓసారి పాడు, అంది. మూలిగి చూపించాను. పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది.

మార్చి 22, శనివారం

తెలిసిపోయింది. వరసగా రాస్తాను.

సాయంత్రం ఇద్దరం టార్చి పట్టుకుని వెళ్లాం. పక్క తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను మెట్ల దగ్గర ఆగి ప్రార్థన చేసుకుంటుంటే పిన్ని అప్పటికే పైన ఉంది. వెనకాలే ఎక్కాను. గ్యాలరీ అంతా జిగురు వాసన. ఆర్గన్ కింద నుంచి రెండు పొడుగాటి కాళ్లు బయటికొచ్చి ఉన్నాయి. నేను అరిచాను. కాళ్లు కూడా అరిచాయి.

పెట్టెల మేస్త్రీ! కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, తల నిండా చెక్క పొట్టుతో. పక్కన తోలు ముక్కలు, జిగురు డబ్బా. బెంచీ మీద బోర్లించిన మా రెండో భాగం!

ఎవరు మిమ్మల్ని ఇక్కడికి రానిచ్చారని పిన్ని అడగలేదు. అయితే ఆ పుస్తకం పట్టుకుపోయింది మీరా, అంది. ఆయన లేవబోయి నెత్తి కొట్టుకున్నాడు.

తర్వాత ఒక్కో మాటే బయటికొచ్చింది. ఆర్గన్ని పారేయాలని కమిటీ అనుకుంటోందట. కలప బంగారంలా ఉంది, పారేస్తే పాపం, నేను బాగుచేస్తాను అని పాస్టరు గారిని అడిగాడట. అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఆయనే అన్నారట. మరి నవల? జిగురు ఆరేదాకా చదువుతాను అన్నాడు. ఇలాంటివి తన భార్య చదివి వినిపించేదట. ఆవిడ పోయాక ఆయనే కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడట. తాళం వేసిన గదులంటే నాకు భయమండీ, కానీ ఆపలేను, అన్నాడు. శవపేటికల మధ్య బతికే మనిషి!

బండివాడి సంగతేమిటి, నిజంగా పోయినట్టేనా అని పిన్ని అడగనే అడిగింది. బతికే ఉన్నాడండీ, అన్నాడాయన. పిన్ని చప్పట్లు కొట్టింది. నేను మెట్ల మీద కూలబడి నవ్వుతూనే ఉన్నాను.

వచ్చేముందు పిన్ని బెంచీ మీద కూర్చుని పెడల్ తొక్కింది. కప్ప జలుబు చేసి పాడినట్టు వచ్చింది. ఎడమ తిత్తి ఇంకా కారుతోంది, మీకు వినపడలేదా, అంది. మీరొచ్చి వింటూ ఉంటే తెలుస్తుంది అన్నాడాయన.

మార్చి 30

పిన్ని ట్యూషన్ పొద్దుటికి మార్చుకుని మరీ రోజూ సాయంత్రం వెళ్లి వింటోంది. ఇవాళ జుట్టుకి జిగురంటించుకుని వచ్చింది. దువ్వెన దిగలేదు, కత్తెర పెట్టాల్సి వచ్చింది. కూనిరాగం మాత్రం ఆపలేదు.

ఏప్రిల్ 3

పిన్ని కొత్త చెప్పులు కొంది. ఆర్గన్ తొక్కడానికేనట.

ఏప్రిల్ 8, మంగళవారం

నవల్లో అయితే ఈపాటికి, ఎందుకు నాన్చుతారు, అడిగేయవయ్యా బాబూ అని పేజీల మీద అరిచేదాన్ని. ఇంట్లో జరుగుతుంటే మాత్రం ఆయన అడగకపోతే బాగుండు అనిపిస్తోంది. అమ్మ పోయినప్పటి నుంచి నాకు పిన్నే అన్నీ. సాయంత్రం ఇంటికొస్తే చెప్పులు విప్పకముందే టీ. ఇప్పుడు తాళం తీసుకుని చీకటి ఇంట్లోకి వస్తున్నాను.

పరధ్యానంలో ఒక తాతగారికి సినిమా హీరో రంగు పళ్లు పోసేశాను. ఇవి పెట్టుకుని నవ్వితే వీధి దీపాలు అక్కర్లేదు అన్నాడు మా ల్యాబ్ ఓనరు. మళ్లీ చేశాను.

ఏప్రిల్ 12, శనివారం

పిన్ని పెందలాడే వచ్చేసింది. పుస్తకం తెరిచి కూర్చుంది కానీ పేజీ తిరగడం లేదు. ఏమైందంటే ఏం లేదంది. వదల్లేదు నేను. చివరికి చెప్పింది. అడిగాడట. చేతిలో జిగురు కుంచెతోనే అడిగాడట. ఈవిడ వద్దందట.

ఎందుకన్నాను. ఈ వయసులో పెళ్లేమిటే, నలుగురూ నవ్విపోతారు, అంది. అది కాదు అసలు సంగతి చెప్పు అన్నాను. నువ్వొక్కదానివీ ఎలా ఉంటావే పిల్లా, అంది.

నిజం రాయాలి. ముందు సంతోషం వేసింది. గుండెల మీంచి బరువు దిగినట్టు. టీ కాచుకుని తెచ్చుకునేసరికి పిన్ని ఇంకా అదే పేజీ చూస్తోంది. ఆ టీ నాకు మింగుడు పడలేదు.

ఏప్రిల్ 14, సోమవారం, మధ్యాహ్నం

లంచ్ టైములో పెట్టెల కొట్టుకి వెళ్లాను. భయపడాల్సినంత ఏమీ లేదు. తాజా చెక్క వాసన, రేడియో, గోడకి ఆనించిన మూతలు. ఆయన చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి రేడియో ఆపాడు. చేతులు తుడుచుకుని, తల వంచి, చాలా మెల్లగా, ఎవరికమ్మా అని అడిగాడు.

నేను తొందర్లో, మా పిన్ని గురించి వచ్చానండీ, అన్నాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. సగం చేసిన పెట్టె అంచు మీద కూలబడిపోయాడు. శనివారం బాగానే ఉందే, నేను అడగకుండా ఉండాల్సింది, అని గొణుగుతున్నాడు. అయ్యయ్యో, బతికే ఉందండీ, ఇంట్లో అన్నం తింటోంది, అని అరిచాను. పక్క కొట్టువాళ్లు తొంగి చూశారు.

మంచినీళ్లు తాగించాను. తాగుతూ ఏడ్చాడు. అంత పెద్ద మనిషి. అప్పుడు చెప్పాను, వద్దన్నది మీ మీద ఇష్టం లేక కాదు, నా మీద బెంగతో, అని. నా సంగతి నేను చూసుకుంటాను, సాయంత్రం ఇంటికి రండి, ఈసారి కుంచె లేకుండా అడగండి, అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. ల్యాబ్‌కి చెక్క పొట్టుతో వెళ్లాను.

అదే రోజు, సాయంత్రం

వచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు. ఆయన్ని ఎవరు పిలిచారే అని పిన్ని నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. నేనే అన్నాను. నన్ను ఇంట్లోంచి తరిమేద్దామనా అంది. అవునన్నాను. ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే కదా, టీకి రోజూ నేనే వస్తాను, అన్నాను. పిన్ని నన్ను తిట్టింది, ఏడ్చింది, నా ముక్కు తన కొంగుతో తుడిచింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఈలోపు వాకిట్లోంచి ఆయన, నేను ఇంకోసారి రానా అండీ, అని అడిగాడు. ఎందుకూ, వచ్చారుగా, కాళ్లు తుడుచుకుని లోపలికి రండి, అంది పిన్ని.

మే 17, శనివారం

పెళ్లి. ఆర్గన్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వనంది పిన్ని. పెళ్లికూతురు నడిచి వచ్చేటప్పటి పాట పెళ్లికూతురే వాయించుకుంది. అందరూ గుమ్మం వైపు చూస్తుంటే పెళ్లికొడుకు మాత్రం తల పైకెత్తి గ్యాలరీ వైపే చూస్తున్నాడు. చర్చి గోడలు గుండెలా కొట్టుకున్నాయి. అలా కొట్టుకుని ఎన్నేళ్లైందో. ఉన్నట్టుండి పాట ఆగింది. మెట్ల మీద టకటకమని అడుగులు. పెళ్లి బట్టలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని పిన్ని పరుగున వచ్చి, ఆయాసపడుతూ, పాస్టరు గారు అడగకముందే, ఒప్పుకుంటున్నాను, అనేసింది.

ముద్దు నుదుటి మీదే పెట్టాడు. నేను చూశాను.

మే 19

పిన్ని ఫోన్ చేసింది. ఆ ఇంట్లో మంచం కూడా ఆయన చేసిందేనట. మూత ఒక్కటే తక్కువట. అంత హాయిగా ఇదివరకెప్పుడూ నిద్రపట్టలేదట.