మెయిలు మారినా తన్మయి పేరు ఉంచమని

నరసన్నపేట,
తేదీ 19-11-2015.

మహిళా దూరవిద్యా కేంద్రం అధికారి గారి సముఖమునకు, కొట్లవీధిలో ఉంటున్న ప్రమోద్ గారి భార్య పద్మకుమారి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ఖాతాకు మెయిలు అడ్రసు మార్చి, యూజర్ నేమ్ 'తన్మయి14' మాత్రం మార్చకుండా ఉంచుట గురించి.

1. నేను ఏడో తరగతితో బడి మానేశాను. నా చేత పదో తరగతి పరీక్ష రాయించాలని మా ఆయన నిరుడు తమ కేంద్రంలో ఖాతా తెరిపించారు. మెయిలు మా కిరాణా కొట్టుది ఇచ్చారు. యూజర్ నేమ్ దగ్గరికి వచ్చేసరికి, "ఏదో ఒకటి నువ్వే ఎట్టుకో. నాకు సెప్పకు, నేనెలాగూ మరిసిపోతాను" అని నవ్వారు. ఆయన అటు తిరిగాక నేనే ఒక్కొక్క అక్షరం నొక్కాను.

2. ఈ వేసవిలో అన్నదమ్ములు కొట్టు పంచుకున్నారు. ఆ మెయిలు మా బావగారి వాటాకు వెళ్లింది. హాల్ టికెట్టు దానికే వస్తుందట. నాకు వేరే మెయిలు తీసుకున్నాము. అందువలన మార్పు కోరడమైనది.

3. సోమవారం కేంద్రానికి వచ్చాను. కంప్యూటరు చూసే హరిబాబు గారు, "మెయిలు మారినాక పాత పేరుతో పనేటమ్మా? కొత్త ఖాతా తెరిసి మీ పేరే ఎట్టుకోండి" అన్నారు. పాతదే కావాలన్నాను. "ఎవరిదేటి ఈ పేరు? మీ పాపదా?" అని అడిగారు. నా వెనక నిలబడిన ఆమె, "బేగి సెప్పమ్మా, పాతపట్నం బస్సెలిపోతాది" అంది. అందరూ నా వైపు చూశారు. కాదని తల అడ్డంగా ఊపాను. అది అబద్ధం. తగిన కారణం చూపలేదని ఆయన నా కాగితం పక్కన పెట్టారు. తప్పు ఆయనది కాదు.

4. కారణం ఇది. ఖాతా తెరిచిన రోజుకు నాకు ఏడో నెల. ఆడపిల్ల పుడితే ఆ పేరని మనసులో అనుకున్నాను. బారసాల నాడు బియ్యంలో రాశాకే పైకి అనాలని ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆడపిల్లే పుట్టింది. తొమ్మిదో రోజున పోయింది. పుట్టిన కాగితంలోనూ, పోయిన కాగితంలోనూ పేరు రాసే చోట అడ్డంగా గీత ఉంది. మా అత్తగారు, "పేరెట్టని పిల్లకి ఇన్నాళ్లు ఏడుస్తారేటే? లేసి తలకి పోసుకో" అన్నారు. ఆవిడా ఏడుస్తూనే అన్నారు.

5. కనుక ఆ పేరు రాసి ఉన్న చోటు లోకంలో తమ కంప్యూటరు ఒక్కటే. పాత ఖాతా మూసేస్తే పేరు చెరిగిపోతుందని, లేకుంటే ఇంకెవరైనా తీసుకుంటారని హరిబాబు గారు చెప్పారు.

6. నిబంధనలు ఒప్పుకోని పక్షంలో మెయిలు కూడా మార్చవద్దు. హాల్ టికెట్టు నాకు అందకపోయినా ఫరవాలేదు, లెక్కలు ఎలాగూ నాకు రావు. చదువు లేకుండా ఇన్నాళ్లూ ఉన్నాను, ఇక మీదటా ఉండగలను. పేరు మాత్రం తీయవద్దు.

పై సంగతులు తమరు చిత్తగించి, వీలైనంత త్వరలో ఉత్తర్వు ఇప్పించ వేడుకుంటున్నాను.

తమ విధేయురాలు,
పద్మకుమారి

ఇంకొక మాట: ఈ రోజు మళ్లీ కేంద్రానికి వచ్చాను. హరిబాబు గారు తల ఎత్తకుండా కంప్యూటరులో ఉన్న పేర్లు చూసి ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. "తన్మయీ... తన్మయి ఎవరమ్మా, రండి" అని రెండుసార్లు పిలిచారు. ఆ పేరు పెట్టి ఒకరు పిలవగా వినడం నాకు అదే మొదలు. లేవబోయి, ఇంకొకసారి విందామని ఆగాను. రాలేదని రాసుకుని తర్వాతి పేరు పిలిచారు. నేను తలుపు పక్క బెంచీ మీదే ఉన్నానండి. ఆ రాసింది దయచేసి కొట్టివేయించండి. మళ్లీ పిలిస్తే పలుకుతాను.