నాలుగింటిలోపు లింగానికి చెప్పాల్సిన మాట

ఏవండీ,

షిఫ్టు నుంచి రాగానే మెకానిక్ లింగానికి ఫోన్ చేయండి. ముత్తంగి షెడ్డులో నాలుగింటికి మన కారు ఇంజను బిగించేస్తాడట. పాత సామానులో ఏది మళ్లీ వేయాలో మీరింకా తేల్చలేదని పొద్దున ఇంటికే వచ్చాడు.

"సారు ఏదీ పారెయ్యనిస్తలేడమ్మా. వాల్వులు మంచిగనే ఉన్నయ్, మళ్ల ఏస్త. గా హెడ్ గ్యాస్కెట్ గూడ పాతదే ఏస్తే రేపు గుట్ట మీద నన్నే తిడ్తడు" అన్నాడు.

వాల్వులు పట్టుకెళ్లాడు. పోయిన ఆదివారం మీరు వాటిని ఇంటికి తెచ్చి కిరోసిన్‌లో కడుగుతుంటే ఒక్కొక్కటీ మిఠాయి డబ్బా మూతకు గుచ్చి అంకెలు వేశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏది ఎక్కడిదో మీకూ తెలిసేది కాదు.

గ్యాస్కెట్ మాత్రం కొత్తదే వేయమనండి. ఇంజను మూత కింద బిగించే ఆ పల్చటి రేకు ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా పట్టదు. రెండేళ్లుగా కుక్కరు రబ్బరును నాచేత తిరగేసి వాడిస్తున్నారు. నిన్న పప్పు ఉడక్కపోతే పచ్చడితో తిని లేచారు. ఈ ఆదివారం మీ అమ్మగారితో యాదగిరిగుట్ట ఎక్కుతుండగా కారు మళ్లీ ఆవిర్లు కక్కితే ఏం చేస్తారు? ఆ కారంటే మీకెంత ముద్దో తెలిసే చెబుతున్నాను.

అన్నం హాట్‌బాక్సులో ఉంది. ఇస్నాపూర్‌లో టైలరు దగ్గరికి వెళ్తున్నాను. ఆరింటికి వస్తాను.

నాగవల్లి

పొద్దున లింగం ఇచ్చి వెళ్లిన పాత గ్యాస్కెట్ పారేయలేదు, భయపడకండి. పెరట్లో మేకుకు కుక్కరు రబ్బరు పక్కనే తగిలించాను. షెడ్డు నుంచి కారు తెచ్చుకునేటప్పుడు కుక్కరుకీ కొత్తది తెండి, రాత్రికి పప్పు చేస్తాను.