ఎడమ లైటూ, మావయ్య గారి మర్యాదా

సోమవారం

మావయ్య గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరిచ్చిన కారు మాత్రం క్షేమంగా లేదు.

ఎడమవైపు హెడ్‌లైటు పదిరోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. వెలుగుతుంది, మినుకుమంటుంది, ఆరిపోతుంది. దిగి బానెట్ మీద ఒక్కటి చరిస్తే వెలుగుతుంది. నేను తిరిగొచ్చి సీట్లో కూర్చునేలోగా మళ్లీ ఆరిపోతుంది. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే వెళ్లి దాన్ని చూసి రావాలనిపిస్తోంది.

ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం కారు తనిఖీ. రెండు లైట్లూ సరిగ్గా వెలగకపోతే కాగితం మీద ముద్ర వెయ్యరు. ముద్ర పడకపోతే మీ అమ్మాయి ఊరి అవతలి ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లలేదు. నర్సుల డ్యూటీ వేళలకి అటు బస్సుల్లేవు.

మెకానిక్‌కి ఇచ్చేద్దాం అంటోంది. నేను ఒప్పుకోలేదు. పోయినేడాది వైపర్ల నీళ్ల డబ్బా అనుకుని బ్రేక్ ఆయిల్ డబ్బాలో నీళ్లు పోసినప్పుడు, జీవితమంతా బళ్లు బాగుచేసిన మీరు నన్ను పదకొండు మంది ముందు పుస్తకాల పురుగు అన్నారు. లైబ్రరీలో పనిచేసేవాణ్ణి కనక అందులో అబద్ధం లేదు. కానీ ఈ లైటు నా చేత్తోనే బాగుపడాలి.

ఫోన్లో మీకు నా మాట వినపడదు, నాకు మీ కేకలు అర్థం కావు. అందుకే ఉత్తరం. తిట్లన్నీ మొదటి పేజీలో, బాగుచేసే పద్ధతి రెండో పేజీలో రాయండి. కారు దగ్గరికి రెండోది ఒక్కటే పట్టుకెళ్తాను.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. నిన్న లైబ్రరీలో ఒకాయన పుస్తకం కనపడట్లేదంటే, వెళ్లి ఆ బీరువా మీద ఒక్కటి చరిచాను. పుస్తకం దొరకలేదు.

బుధవారం

అల్లుడు గారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కంగారు పడకండి. ఓపిక ఉన్నవారు, మీ వల్ల కాకపోవడమేమిటి?

ముందు జబ్బు బల్బుదో వైరుదో తేల్చాలి. ఇంజనూ లైట్లూ ఆపి, బల్బు చల్లారనివ్వండి. బానెట్ ఎత్తితే లైటు వెనక ప్లగ్గు, దాని కింద రబ్బరు మూత ఉంటాయి. అవి లాగి, తీగ క్లిప్పు నొక్కి పక్కకి తప్పిస్తే బల్బు బయటికొస్తుంది. రెండోవైపుదీ అలాగే తీసి, దీన్ని అక్కడా దాన్ని ఇక్కడా పెట్టండి. జబ్బు కుడివైపుకి వెళ్లిందా, బల్బు మార్చాలి. ఎడమవైపే ఉండిపోయిందా, వైరు చూడాలి.

గాజుని వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటితే వేడికి తొందరగా పోతుంది. ఉతికిన గుడ్డతో పట్టుకోండి.

ఇట్లు,
మీ మావయ్య

తా.క. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి. నడుము వంచేటప్పుడు కాస్త నెమ్మది.

శనివారం

మావయ్య గారికి నమస్కారాలు.

మీ ఆరోగ్యం ఎలా ఉంది? దాచకుండా రాయండి.

తిట్ల కోసం మొదటి పేజీ వెతికాను. వెనక్కి తిప్పాను. కవరు చింపి లోపల చూశాను. లేవు. పైగా నన్ను ‘మీరు’ అన్నారు! పెళ్లయిన ఆరేళ్లలో నన్ను మీరు అలా అనలేదు. మీ అమ్మాయి మూడుసార్లు చదివింది. “దస్తూరీ నాన్నదే. మాటలే నాన్నవి కావు” అంది. అత్తయ్య గారికి ఫోన్ చేస్తే ఆయన పడుకున్నారన్నారు. పొద్దున్న పదింటికి! ఆ వేళకి మీరు ఇద్దరితో దెబ్బలాట ముగించి మూడోవాడి కోసం చూస్తుంటారు కదా?

ఆ కంగారులోనే పనికి దిగాను. కారుకి ఎదురుగా నిలబడి నా ఎడమచేతి వైపు బల్బు తీశాను. అది మంచిదట. గుడ్డలోంచి జారి పగిలాక తెలిసింది. క్లిప్పు ఎగిరి ఇంజనులోకి పోయింది. ఇప్పుడు కారుకి మిగిలింది ఆ మినుకుమనేది ఒక్కటే. తనిఖీకి ఆరు రోజులుంది. నేను కారు చుట్టూ తిరుగుతున్నాను, మీ అమ్మాయి నా చుట్టూ తిరుగుతోంది.

ఇట్లు,
ఆందోళనతో, మీ అల్లుడు

తా.క. వీలునామా లాంటిదేమైనా రాస్తున్నారా అని మీ అమ్మాయి అడగమంది. ఖాళీ కడుపుతో పనిచెయ్యొద్దన్న చోట ఏడ్చింది.

మంగళవారం

ఒరేయ్ అల్లుడూ,

బుద్ధుందా నీకు? (ఉందని తెలుసు, ఊరికే అడుగుతున్నాను.) ఎడమంటే సీట్లో కూర్చున్నవాడికి ఎడమ. కారుకి ఎదురుగా నిలబడి ఎడమ అనేవాడు మూర్ఖుడు. నువ్వు మూర్ఖుడివి. చదువుకున్నవారు, మీకు ఇంతకన్నా ఏం చెప్పను?

క్లిప్పు కోసం దారానికి అయస్కాంతం కట్టి లోపలికి వదలండి. వదులు. పగిలిన బల్బు అంచు మీద అంకెలుంటాయి, అదే రకం కొను. కొత్తది మినుకుమనే వైపు పెట్టి, అక్కడున్న పాతదాన్ని కుడివైపు పెట్టు. ఏది మినుకుమంటుందో చూడు.

నాకే జబ్బూ లేదు. గుండ్రాయిలా ఉన్నాను.

ఇట్లు,
కోపంతో, మీ మావయ్య

తా.క. వెధవా. (పైన రాయడం మర్చిపోయాను.)

శుక్రవారం

మావయ్య గారికి,

కోటి నమస్కారాలు. ముద్ర పడింది!

క్లిప్పు మూడో ప్రయత్నంలో అయస్కాంతానికి అంటుకొచ్చింది. కొత్త బల్బుని ఉతికిన మేజోడులో పట్టుకుని పెట్టాను. కుడివైపు పాత బల్బు నిలకడగా వెలిగింది. ఎడమవైపు కొత్తది మినుకుమంది. అంటే బల్బుకి ఏ పాపమూ తెలియదు! మీకు మళ్లీ రాసే వ్యవధి లేదు. వైరు వెంటే వేలు పెట్టుకుంటూ వెళ్లాను. ఒక వైరు కారు ఒంటికి బోల్టుతో బిగించి ఉంది, ఎర్తు వైరట. బోల్టు నిండా తుప్పు. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాను. వెలిగింది. నమ్మకం లేక బానెట్ మీద చరిచాను. అయినా వెలుగుతూనే ఉంది. తనిఖీ ఆయన అటూ ఇటూ చూసి ముద్ర వేశాడు. ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కానీ మనసు మనసులో లేదు. మీ తిట్లు చూసి ముందు పండగ చేసుకున్నాం. “నాన్న కోలుకున్నారు” అంది మీ అమ్మాయి. రెండోసారి చదివి, “నాన్న తిడితే ఎదుటివాడు రెండు రోజులు అన్నం తినడు. నువ్వు ఇప్పుడే రెండోసారి వడ్డించుకున్నావు” అంది. అందుకే ఈ ఆదివారం కాదు, పై ఆదివారం బయల్దేరి వస్తున్నాం. వద్దని రాసినా వస్తాం. ఆసుపత్రి నుంచి ఒక డాక్టరు గారిని కూడా తెస్తున్నాం.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. గుండె డాక్టరు. మీ ఉత్తరాలు రెండూ చదివి, ఈ వయసులో హఠాత్తుగా ఇంత మర్యాద మంచి లక్షణం కాదన్నారు.

సోమవారం

అల్లుడు గారికి మీ అత్తయ్య ఆశీస్సులు.

డాక్టరు గారిని తేవద్దు. మీ మావయ్య గారి గుండె భేషుగ్గా ఉంది. విరిగింది కుడి మణికట్టు.

మూడు వారాల కిందట స్నానాల గదిలో బల్బు మారుద్దామని కుర్చీ ఎక్కారు. కుర్చీ కాలు ఊగుతోంది, దిగండి అన్నాను. ముప్పై ఏడేళ్లు బళ్లకి లైట్లు బిగించినవాణ్ణి, నువ్వా నాకు చెప్పేది అంటూనే కింద పడ్డారు. ఈ సంగతి పిల్లలకి తెలిస్తే ఇల్లు వదిలిపోతానన్నారు. మీ మొదటి ఉత్తరం చదివి వినిపించబోతే ‘లైటు’ అన్న మాట దగ్గరే గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇంకేం చెయ్యను? నేనే జవాబు రాశాను.

దస్తూరీ ఎప్పుడూ నాదే. షాపు చీటీలు, అమ్మాయి స్కూలుకి సెలవు చీటీలు, అన్నీ ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఈసారి చెప్పే మనిషి గోడవైపు ఉన్నారు. తిట్లు ఎక్కణ్ణుంచి తేను? ఆ ‘వెధవా’ కూడా ఆయన పక్కింటి పిల్లిని అంటుంటే విని రాసుకున్నది.

పని మాత్రం తెలిసే రాశాను. ఆయన బండి కింద పడుకుని చెయ్యి చాపితే ఏ పానా అందించాలో అడక్కుండా అందించినదాన్ని. ఎర్తు వైరు మీ అంతట మీరే పట్టుకున్నారని నిన్న గట్టిగా చదివాను. గోడవైపు నుంచి ‘ఊఁ’ అని వినపడింది. ఆయన దగ్గర్నుంచి ఆ ‘ఊఁ’ రావడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

తప్పకుండా రండి. ఏమీ తెలియనట్టు ఉండండి. ఇంకో కోరిక. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆ రోజు పక్కింటాయన్ని బతిమాలాల్సి వచ్చింది. ఎన్ని బళ్లకి టార్చి పట్టానో లెక్కలేదు, ఒక్కసారీ స్టీరింగు ముందు కూర్చోలేదు. ఆదివారం ఆయన భోంచేసి పడుకున్నాక, మా ఇంటి వెనక మైదానంలో నాకు కారు నేర్పండి. మీరైతే అరవరు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. మిమ్మల్ని చూడగానే ఆయన ఏదో ఒకటి అంటారు. అననివ్వండి, పాపం. మూడు వారాలుగా ఆయనకి తిట్టడానికి నేను తప్ప మనిషి దొరకలేదు. నాకేమో తీరిక లేదు. రోడ్డు నిబంధనల పుస్తకంలో ఇంకా పదకొండు పేజీలున్నాయి.