నా మెదడూ, అక్క గదులూ

పదో తరగతితో చదువాపేసి, మెదళ్ల మీద పరిశోధన చేసే ల్యాబులో ఆరేళ్లుగా పనిచేస్తూ, అక్కడ అందరిచేతా ‘బ్లేడు’ అని పిలిపించుకునే ఇరవై ఐదేళ్ల నేను, ఈ మధ్యాహ్నం మూడు గంటలకి, కడుపునిండా తిని, మాత్రగానీ మత్తుగానీ పుచ్చుకోకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, మంచి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. ‘మంచి తెలివితో’ అని అందరూ అలవాటుగా రాస్తారు. నేను ఆలోచించి రాస్తున్నాను. ఆ మాట రాసుకునే హక్కు నాకింకా ఎన్నాళ్లుంటుందో తెలీదు. అందుకే ఈ పొద్దున మనసు డాక్టరు చేత పరీక్ష చేయించుకుని, ఆయనిచ్చిన కాగితం దీనికి జతపరిచాను.

మా అక్కా నేనూ కవలలం, అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక. పదకొండు నిమిషాలు ముందు పుట్టింది కాబట్టి అక్క. పంతొమ్మిదో ఏట దానికి స్కిజోఫ్రీనియా వచ్చింది. మాలాంటి కవలల్లో ఒకరికొస్తే సగం జంటల్లో రెండోవాళ్లకీ వస్తుందని పాత లెక్క. మూడో వంతేనని కొత్త లెక్క. ఆడవాళ్లలో ఇరవైల చివరిదాకా ఎప్పుడైనా మొదలవ్వచ్చు. పోయిన నెల పదకొండో తారీఖున ల్యాబు చల్లగదిలో ఒక్కదాన్నే ఉండగా, వెనక నుంచి ఎవరో నన్ను పిలిచారు. తలుపు తీస్తే కారిడార్లో ఎవరూ లేరు. ఏ జబ్బూ లేనివాళ్లకీ ఎప్పుడో ఒకసారి అలా వినిపిస్తుందని చదివాను. చదివితే ఏం, తలుపు మళ్లీ తీసి చూశాను.

ఒకటి. నా మెదడు మా ల్యాబుకే ఇస్తున్నాను. మైనంలో బిగించిన ముక్కని పొరలుగా కోసి, గోరువెచ్చటి నీళ్ల మీద తేల్చి, గాజు పలక మీదకి ఎక్కించడం నా పని. ఆ ముక్క జబ్బున్నవాళ్లదో లేనివాళ్లదో మాకు చెప్పరు. పెట్టె మీద ఒక అంకె, అంతే. మూడేళ్ల కిందట నాకు పొగరెక్కి, చూస్తే చెప్పగలననుకున్నాను. ఇరవై పలకలు చూసి రాసుకుని, దొంగతనంగా రిజిస్టరు తీసి సరిచూశాను. పదకొండు సరిపోయాయి. బొమ్మాబొరుసూ వేసినా పది సరిపోతాయి. మా డాక్టరమ్మ పట్టుకుని, “కంటికి కనపడేదైతే వందేళ్ల నుంచి ఇంతమందిమి మైక్రోస్కోపుల మీద బోర్లా పడి ఎందుకు చస్తామే!” అని చీవాట్లు పెట్టింది. నా పెట్టె మీద కూడా అంకె మాత్రమే వెయ్యాలి. అక్క మెదడు అడగొద్దు. ఇవ్వాలో వద్దో దాని ఇష్టం.

రెండు. అమ్మ నా పేర రాసిన రెండు గదులూ, ముందు వరండా, నీళ్ల కుళాయి సహా, నా తదనంతరం సర్వహక్కులతో అక్కకే చెందాలి. అది బతికున్నంత కాలం ఉండనిచ్చి ఆ తర్వాత ఇంకొకరికి అనే మెలిక పెట్టడంలేదు. అమ్ముకున్నా దానిష్టమే. దాన్ని ఎక్కడో తాళం వేసే చోట చేర్పించి గదులు అద్దెకిద్దామని అన్నయ్య రెండుసార్లు కాగితాలు పట్టుకొచ్చాడు. మూడోసారి వస్తే ఈ పేజీ చూపించండి.

మూడు. అన్నయ్యకి నా పుస్తకాల పెట్టె. అందులో గళ్ల అట్ట వేసిన లావుపాటిది ముందు చదవాలి. తల్లి ముభావంగా పెంచితే ఈ జబ్బొస్తుందని ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లే రాశారు. మెదడు ముందు భాగంలో తీగలు తెంపే ఆపరేషన్ కనిపెట్టినాయనకి ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతిచ్చారు. పనికొచ్చిన మొదటి మందు, మామూలు ఆపరేషన్లలో మత్తుకి తోడుగా ఇచ్చేదాని కోసం వెతుకుతుంటే దొరికింది. అదెందుకు పనిచేస్తుందో తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఎదిగే వయసులో మెదడు నరకణాల మధ్య అక్కర్లేని అతుకుల్ని కత్తిరించుకుంటుందని, ఈ జబ్బులో ఆ కత్తిరింపు శ్రుతి మించుతుందేమోనని ఇప్పటి అనుమానం. అనుమానమే. అయినా అన్నయ్యా, నువ్వు అమ్మ శవం పక్కన నించుని, అక్కని చూపిస్తూ అమ్మతోనే, “దీన్నిలా చేసింది నువ్వే” అన్నావు. పుస్తకం చదివాక అమ్మ ఫొటో ముందు నించుని ఆ మాట వెనక్కి తీసుకోవాలి. తీసుకోకపోతే పెట్టె లైబ్రరీకి.

నాలుగు. పక్కింటి కుట్టుమిషన్ పిన్నిని ఈ వీలునామాకి అమలుదారుగా పెడుతున్నాను. పిన్నీ, నీకు ఆస్తేం లేదు, పని ఉంది. అక్కకి బాగోలేని రోజుల్లో ఎవరు నీళ్లిచ్చినా విషం కలిపారనుకుంటుంది. సగం నేను తాగి మిగతా సగం ఇస్తే తాగుతుంది. ఒకే గ్లాసు, దాని కళ్లముందే. నీకు ఎంగిలి పట్టింపని తెలుసు. మానెయ్.

అయిదు. కోసిన పొరల్ని ఎత్తే నా సన్న కుంచె, నా తర్వాత ల్యాబులో నా కుర్చీలో కూర్చునేవాళ్లకి. పొర చిరిగితే తిట్టుకోకండి. అది ఒక మనిషిది.

ఆరు. దీనికోసమే మిగతా అయిదూ రాశాను. నాకూ జబ్బొస్తే నేను ఇంకో వీలునామా రాయొచ్చు. అక్క నన్ను చంపాలని చూస్తోంది, గదుల్లోంచి గెంటెయ్యండని నా చేత్తో నేనే రాయొచ్చు. జబ్బొచ్చిన మొదటి ఏడాది అక్క నా మీద పోలీసులకి అలాంటి చీటీయే రాసింది, ముత్యాల్లాంటి అక్షరాలతో. చివరగా రాసిందే చెల్లుతుందని ప్లీడరు గుమాస్తా గారన్నారు. అన్నయ్య ఆ కాగితం పట్టుకుని కోర్టుకెక్కితే, జబ్బులో రాసింది కాబట్టి అది చెల్లదని తేలేలోపు అక్క వీధిలో ఉంటుంది. నాకు చావంటే ఇంత భయం లేదు.

అందుకని, “అలాంటిది రాస్తే అది నేను కాదు” అని ఇక్కడ రాశాను. రాసి కొట్టేశాను. పక్కన పొడి సంతకం పెట్టాను, చూసుకోండి. అక్క తిట్టినప్పుడల్లా “ఇది మీ అక్క కాదమ్మా, జబ్బు” అన్న ప్రతివాడితోనూ ఆరేళ్లుగా గొడవ పడ్డాను. అక్కే, భయపడిపోయిన అక్కే అని అరిచాను. నా వంతు వచ్చేసరికి మాట మార్చనా?

అప్పుడు రాసేదీ నేనే. కాగితం లాక్కోవద్దు. ఏమంటున్నానో కూర్చుని వినండి. నవ్వొద్దు, నమ్మినట్టు నటించొద్దు. సాక్షి సంతకం మాత్రం ఎవరూ పెట్టొద్దు, అది లేకపోతే వీలునామా చెల్లదు. మందులిప్పించండి, వద్దంటే బతిమాలండి, కట్టెయ్యొద్దు. ఆరు వారాలాగి మళ్లీ అడగండి. అప్పటికీ అక్కని పొమ్మంటే ఇంకో ఆరు వారాలు. ఆ రోజుల్లో నాతో ఎలా మసలాలో మీకు తోచకపోతే డాక్టర్ల కంటే ముందు అక్కని అడగండి. మనందరిలో అక్కడిదాకా వెళ్లొచ్చింది అదొక్కతే.

మార్చి పద్నాలుగు, గురువారం.

(సంతకం) బ్లేడు

మా కళ్లెదుటే రాసి, చదివి, సంతకం చేసిందనడానికి సాక్షులు:
1. ప్లీడరు గుమాస్తా
2. ల్యాబులో పలకలకి రంగులద్దే ఆయన